పేట బడి రిజిస్టర్లు

నాకు ఆ ఉద్యోగం వచ్చినప్పుడు మా నాన్నగారు రెండుసార్లు అడిగారు, ఇంతకీ నువ్వు చేసే పనేంటని. నాకూ సరిగ్గా తెలియదు. తొంభైల మధ్యలో సంగతి. చరిత్రలో ఎమ్మే పూర్తిచేసి సామర్లకోటలో మా ఇంట్లో రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాను. రాజమండ్రిలో యూనివర్సిటీవాళ్లు జిల్లా చరిత్రకు సంబంధించిన పాత కాగితాలన్నీ ఒకచోట చేర్చాలనుకుంటున్నారని, అందుకు ఒక మనిషి కావాలని తెలిసి అర్జీ పెట్టాను. పొద్దున్నే పాసెంజరు బండెక్కి వెళ్లడం, సాయంత్రం మళ్లీ పాసెంజరులోనే తిరిగి రావడం. పాత కాగితాలు ఏరుకొచ్చే ఉద్యోగం అని మా అమ్మ పక్కింటివాళ్లకు చెప్పేది. ఆ మాట తప్పేమీ కాదు.

లైబ్రరీ వెనకాల మాకొక గది ఇచ్చారు. మూడు ఇనుప బీరువాలు, ఒక పొడుగాటి బల్ల, తిరిగేటప్పుడు కిచకిచమనే ఫ్యాను. ఆ గదికి పెద్దదిక్కు మాస్టారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన చరిత్ర లెక్చరరు. ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకునేవారు. ఈ పని చేయాలన్న ఆలోచన ఆయనదే. ఎన్నో ఏళ్లు వెంటపడి అనుమతి తెచ్చుకున్నారట.

మొదటి ఏడాది బాగానే గడిచింది. పెద్ద కుటుంబాలవాళ్లు అడగ్గానే ఇచ్చారు. పొలం పట్టాలు, శుభలేఖలు, తాతలు కోటు వేసుకుని దిగిన ఫొటోలు. పెద్దాపురంలో ఒక లాయరుగారి కోడలు మరిడమ్మ జాతరలో వేసిన నాటకాల కరపత్రాలు రెండు పెట్టెల నిండా ఇచ్చింది. ఇల్లు ఖాళీ అయిందని సంతోషించి మాకు పులిహోర కూడా పెట్టింది. బీరువాలు రెండు నిండాయి. నేను చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

ఒకరోజు మాస్టారు నేను రాసిన జాబితా చివరిదాకా చదివి కళ్లజోడు తీసేశారు.

"ఇందులో పొలం ఉన్నవాళ్లందరూ ఉన్నారమ్మా. ఆ పొలంలో దిగి పనిచేసినవాళ్లు ఒక్కరూ లేరు," అన్నారు.

నేను, వాళ్ల దగ్గర కాగితాలేం ఉంటాయండీ అన్నాను. ఆయన కోప్పడలేదు. మిషన్ బళ్లు ఉన్న ఊళ్లు వెతకమని, ఆ బళ్లలో చేరిన పిల్లల పేర్లు ఎవరో ఒకరు రాసే ఉంటారని చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్న ఒకతను రావులపాలెం అవతల పోస్టుమాస్టరుగా పనిచేసేవాడు. మూతపడిన ఒక మిషన్ బడి రిజిస్టర్లు రిటైరైన టీచరమ్మగారి ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయని అతనే కబురు చేశాడు.

నేను వెళ్లింది వైశాఖంలో. బస్సు దిగి కాలవగట్టు మీద రెండు మైళ్లు నడిచాను. ఊరు దాటాక పేట, పేట మొదట్లో చర్చి, చర్చి వెనక రెండు గదుల పెంకుటిల్లు. టీచరమ్మగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. సన్నంచు తెల్ల చీర, ఒక కాడకు దారం కట్టిన కళ్లజోడు, కర్రలా నిటారుగా మనిషి. చాప వేసి కూర్చోబెట్టి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టారు.

నేను తాగలేదు. దాహం లేదండీ అన్నాను. ఎండలో అంత దూరం నడిచి, చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయి ఉన్నదాన్ని, దాహం లేదన్నాను. మా ఇంట్లో ఎవరూ నాకు ఫలానా చోట తాగకూడదని నోటితో చెప్పలేదు. చెప్పకుండానే ఒంటబట్టింది. ఆవిడ ఒక క్షణం నావైపు చూసి, గ్లాసు తీసి పక్కన పెట్టి, ఏ పని మీద వచ్చావమ్మా అని అడిగారు.

చెప్పాను. యూనివర్సిటీ, జిల్లా చరిత్ర, ఇనుప బీరువాలు, చెదలు పట్టకుండా మందు, అన్నీ చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. కొన్నేళ్ల కిందట పట్నం నుంచి ఒకాయన క్రైస్తవ సంఘాల చరిత్ర రాస్తానని వచ్చాడట. మొట్టమొదటి రిజిస్టరు, బడి ముందు తీసిన ఒక ఫొటో పట్టుకెళ్లాడట. ఆ రిజిస్టరు ఆ బడికి మొదటి హెడ్మాస్టరు, ఆవిడ తండ్రి, స్వహస్తాలతో రాసింది. నెలలో తెస్తానన్నవాడు ఇక రాలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు.

"నీ మీద అనుమానం కాదమ్మా. పుస్తకం మాత్రం ఈ గుమ్మం దాటదు. చదువుకుంటానంటే చెప్పు, చాప వేస్తాను."

నేను చిన్నబుచ్చుకుని రాజమండ్రి వచ్చేశాను. మాస్టారు నాకు వత్తాసు పలుకుతారనుకున్నాను. ఆయన మాత్రం ఆవిడన్నదే సబబన్నారు. వారానికి రెండు రోజులు అక్కడికే వెళ్లి కూర్చుని రాసుకు రమ్మన్నారు. అన్ని పేర్లు చేత్తో రాయాలాండీ అంటే, ఆవిడ చేత్తోనే కదమ్మా రాశారు అన్నారు.

అలా మొదలైంది. గురువారం, శుక్రవారం. బారు నోటుబుక్కులు, రెండు పెన్నులు, అమ్మ కట్టిన టిఫిన్ డబ్బా. మిగిలినవి అయిదు రిజిస్టర్లు. వరస నంబరు, బిడ్డ పేరు, తండ్రి పేరు, చేసే పని, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానిన తేదీ. చివరి గడి, మానడానికి కారణం. మిగతా గడులన్నీ ఏ బడిలోనైనా ఒకేలా ఉంటాయి. ఆ చివరి గడి దగ్గర మాత్రం నా పెన్ను ఆగిపోయేది. నాట్లకు వెళుతోంది. పాలేరుగా పెట్టారు. చెల్లెలిని ఎత్తుకోవాలి. పెళ్లి. మశూచి. కడియం తోటల్లో పనికి వలస. బట్టలు లేవు. ఒకచోట, లెక్కలు చాలా బాగా చేసేవాడు, అని మాత్రమే ఉంది. ఎందుకు మానాడో లేదు.

పుట్టిన తేదీలు చాలావరకు టీచరమ్మగారూ ఆవిడ తండ్రిగారూ లెక్కగట్టి వేసినవే. తల్లి వచ్చి, పెద్ద వరదలో కాలవ లాకు గోడ పడిపోయిన ఏడు పుట్టాడండీ అంటే, ఆ ఏడు పట్టుకుని, చలికాలమా వానాకాలమా అని అడిగి, ఒక తేదీ ఖాయం చేసేవారట. నేను రాస్తూంటే ఆవిడ పక్కనే బియ్యం ఏరుకుంటూ ఒక్కో పేరు వెనక మనిషిని చెప్పేవారు. ఇతను రైల్వేలో గ్యాంగుమన్ అయ్యాడు. ఈ పిల్ల నర్సింగు చదివింది. ఈ పిల్ల కోతల్లో పాము కరిచి పోయింది. ఆవిడ చెప్పినవి నేను నోటుబుక్కు మార్జిన్లో రాసుకునేదాన్ని. చరిత్రలో ఎమ్మే చేసినదాన్ని, పుట చదవడం నాకు అక్కడే తెలిసింది.

మధ్యమధ్య ఎవరో ఒకరు వచ్చేవారు. ఉద్యోగానికనో పెన్షనుకనో పుట్టిన తేదీ కావాలని. ఆవిడ రిజిస్టరు తీసి, పుట తిప్పి, వేలు పెట్టి చూపించి, కాగితం మీద రాసి సంతకం పెట్టేవారు. బడి మూసేసిన తరువాత ఆ సంతకం ఆఫీసుల్లో చెల్లుతుందో లేదో నాకు తెలియదు. అడిగినవాళ్లు మాత్రం రెండు చేతులతో తీసుకునేవారు.

మూడో వారమో నాలుగో వారమో, మధ్యాహ్నం మొదలైన వాన తగ్గలేదు. నా టిఫిన్ డబ్బా ఆ పొద్దున బండిలో మర్చిపోయాను. టీచరమ్మగారు ఏమీ అడగకుండా రెండు కంచాలు పెట్టారు. వేడన్నం, పప్పు, గోంగూర పచ్చడి. పెట్టాక నావైపు చూడలేదు. కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు. నాకు తినడానికి వీలుగా అలా తల తిప్పుకున్నారని కొంతసేపటికి గాని అర్థం కాలేదు. తిన్నాను. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాను. ఆ తరువాత ఎప్పుడూ డబ్బా తీసుకెళ్లలేదు. మా అమ్మ కారణం అడిగితే నిజమే చెప్పాను. అమ్మ వంటింట్లోకి వెళ్లి వచ్చి, మరి వట్టి చేతులతో ఎలా వెళతావు, ఈ సున్నుండలు పట్టుకెళ్లు అంది. అమ్మకు అప్పుడే కృతజ్ఞత చెప్పుకుని ఉండవలసింది, చెప్పలేదు.

దసరాలు దాటేసరికి మూడు రిజిస్టర్లు పూర్తయ్యాయి. కార్తీకంలో తుపాను వచ్చింది.

ఆ తుపాను సంగతి డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. మాకు సామర్లకోటలో పెంకులు లేచిపోవడంతో సరిపోయింది. కోనసీమ వైపు బస్సులు పది రోజులు నడవలేదు. టెలిఫోను లేదు. పదకొండో రోజున నేనూ మాస్టారూ బియ్యం తీసుకెళుతున్న ఒక లారీలో వెళ్లాం. దారి పొడుగునా కొబ్బరిచెట్లు మొవ్వులు విరిగి వేలాడుతున్నాయి. కాలవగట్టు తెగినచోట లారీ దిగి నడిచాం. దూరం నుంచే చూశాను, ఆ పెంకుటింటికి పైకప్పు లేదు.

టీచరమ్మగారు చర్చిలో ఉన్నారు. పేటలో ఇళ్లు పోయినవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఆవిడ ఒక బాలింతకు గంజి తాగిస్తున్నారు. మమ్మల్ని చూసి లేచి, బలిపీఠం దగ్గరికి తీసుకెళ్లారు. గాలి మొదలవగానే ఆవిడ అయిదు రిజిస్టర్లూ యూరియా సంచుల్లో మూటగట్టి, ఇద్దరు ఆడవాళ్ల సాయంతో మోయించుకొచ్చి బలిపీఠం మీద పెట్టారట. చర్చిలోకి మోకాలిలోతు నీరు వచ్చినా అక్కడిదాకా రాలేదు. పైనుంచి మాత్రం వాన కురిసింది. సంచులు మూడు చిరిగాయి. చీరలు, గిన్నెలు, తండ్రి ఫొటో, ఇంట్లో ఉన్న తక్కినవన్నీ పోయాయి.

"నేను దాచగలిగినన్నాళ్లు దాచాను మాస్టారూ. ఇక మీరు దాచండి," అన్నారు.

ఆవిడ మాతోనే బయల్దేరారు. రాజమండ్రి చేరేదాకా ఆ సంచులు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు. పట్టుకుంటానంటే, ఇంకా గుమ్మం దాటలేదనుకో అని చిన్నగా నవ్వారు. మాస్టారి ఇంట్లో దిగారు. మాస్టారి భార్య తన చీరలు రెండు తీసి ఇచ్చి, తలంటి పోశారు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మర్నాడు సంచులు మా గదికి చేర్చి, మాస్టారు పుస్తకాలు కుట్టే బైండరు కోసం వెళ్లారు. ఆయన వచ్చేదాకా ఆగలేక, తడిసిన మూడింటిలో ఒకదాన్ని తీసుకెళ్లి లైబ్రరీ డాబా మీద ఎండలో విప్పి పెట్టాను. అప్పడాలు ఎండబెట్టినట్టు. మంచి ఎండ కాసింది. మధ్యాహ్నానికి అట్టలు వంకర తిరిగాయి. మధ్యలో పుటలు కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయి చెక్కముక్కలా అయ్యాయి. విడదీయబోతే సిరా పైపుటతో పాటు ఊడి వచ్చింది.

బైండరు సాయిబుగారు ప్రెస్సుల్లో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. ఆయన ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని వేళ్లతో తట్టి, ఎవరు పెట్టారమ్మా ఎండలో అని అడిగారు. నేనేనండీ అన్నాను. అంతే, ఏడుపు ఆగలేదు. ఆవిడ అంత గాలిలో, తన ఇల్లు పోతున్నా కాపాడుకున్నదాన్ని నేను ఒక్క పూటలో పాడుచేశాను. టీచరమ్మగారు బల్ల అవతలి వైపు నుంచి వచ్చి ఆ పుటలు చూశారు. చాలాసేపు చూశారు.

"ఇవి నువ్వు రాసినవే కదా. ఆషాఢంలో రాశావు. నీ నోటుబుక్కు తియ్యి."

తీశాను. ఆ పుటల్లోని పేర్లన్నీ ఉన్నాయి. తండ్రి పేరు, పని, మానడానికి కారణం, పక్కన ఆవిడ చెప్పిన కబుర్లతో సహా. మొదటి రోజే ఆవిడ పుస్తకాలు ఇచ్చేసి ఉంటే నేను వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. చేత్తో ఒక్క పేరూ రాసేదాన్ని కాదు. ఆ మాట నేను పైకి అంటే ఆవిడ, మొదటి రోజు నువ్వు ఆ నీళ్లు తాగి ఉంటే ఇచ్చేదాన్నేమోలే అన్నారు. మాస్టారికి అర్థం కాలేదు. నాకు అర్థమై తల దించుకున్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, రా, పని చూద్దాం అన్నారు.

తరువాత వారం రోజులు ఆ గదిలో మేం నలుగురం చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. సాయిబుగారు ప్రెస్సు నుంచి తెల్ల కాగితం ముక్కలు తెప్పించి, ప్రతి రెండు పుటల మధ్యా ఒకటి పెట్టించారు. నీడలో, ఫ్యాను మెల్లగా పెట్టి, గంటగంటకూ తడిసిన ముక్క తీసి పొడిది పెట్టాలి. పుట సగం ఆరాక కాగితంలో చుట్టిన ఇటుకలు బరువుగా పెట్టాలి. టీచరమ్మగారి చేతులు మా అందరికంటే నిదానం. పుట తిప్పేముందు పేరు చదివి, నోట్లో ఏదో అనుకుని, అప్పుడు తిప్పేవారు. చివరికి సాయిబుగారు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి జిగురు చేసి, అయిదింటికీ కొత్తగా కుట్లు వేసి కాలికో గుడ్డ అంటించిన అట్టలు కట్టారు. కూలి ఇవ్వబోతే, బడి పుస్తకాలండీ, మా నాన్న నన్ను బడికి పంపలేదు అని మాత్రం అని వెళ్లిపోయారు.

పుస్తకాలు మాకు అప్పగించేముందు టీచరమ్మగారు ఒక కాగితం రాయమన్నారు. ఆవిడ చెబుతుంటే మాస్టారు రాశారు. ఏ ఊరివాళ్లయినా, ఏ కులంవాళ్లయినా, చదువు వచ్చినా రాకపోయినా, తమవాళ్ల పేరు చూసుకుంటామని వస్తే కూర్చోబెట్టి చూపించాలి. చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. ఎందుకు అని అడగకూడదు. యూనివర్సిటీవాళ్లకు పరిశోధకులు తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదన్న నిబంధన ఉండేది. మాస్టారు ఆ కాగితం పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగారో నాకు తెలుసు. ఒప్పించారు.

ఆ కబురు ఊళ్లకు ఎలా పాకిందో గాని, మెల్లగా మనుషులు రావడం మొదలుపెట్టారు. టీచరమ్మగారే ఇచ్చారట అని, మరి రెండు మిషన్ బళ్లవాళ్లు, ఒక బాప్టిస్టు సంఘంవాళ్లు తమ పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. నేను అడిగితే ఇచ్చేవారు కాదు. ఆవిడ పేరు చెబితే ఇచ్చారు.

వచ్చినవాళ్లలో ఒకామెను మరిచిపోలేను. రెండువేల సంవత్సరం దాటాక. కడియంలో నర్సరీలో పనిచేసే మనిషి, నలభై పైబడి ఉంటాయి. గోళ్లలో మట్టి, చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన కనకాంబరం మొక్క. గదిలోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. వాళ్ల పేటవాళ్లు కబురు చెబితే, తన మేనమామ పేరు చూసుకుందామని వచ్చిందట. లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేశాను. మేనమామ పేరు దొరికింది. ఆ పై వరసలోనే అదే తండ్రి పేరుతో ఒక ఆడపిల్ల పేరు ఉంది. చదివి వినిపించాను. ఆమె ముఖం మారిపోయింది.

"అది మా అమ్మ పేరండి."

మూడో తరగతి వరకు చదివింది. మానడానికి కారణం, తల్లి చనిపోయినది, చంటి తమ్ముడిని చూసుకోవాలి. పక్కన చిన్న అక్షరాలతో, పాఠం బాగా చదువుతుంది, అని ఉంది.

"మా అమ్మ వేలిముద్రే వేసేదండి ఎప్పుడూ. చదువుకుందని మాకెప్పుడూ చెప్పలేదు," అంది ఆమె. మళ్లీ చదవండి అంది. చదివాను. ఆ చివరి మాట ఒక్కటీ మరో రెండుసార్లు చదివించుకుంది. వెళుతూ ఆ మొక్కను నా బల్ల మీద పెట్టింది. వద్దంటే, మీకు కాదండి, ఆ పుస్తకం రాసినావిడకి అంది.

ఆ ఆదివారం మొక్క తీసుకుని టీచరమ్మగారి దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆవిడకు పేటవాళ్లే కలిసి ఇల్లు మళ్లీ నిలబెట్టారు. పేరు చెప్పగానే గుర్తుపట్టారు. మూడేళ్లు చదివి, తరువాత ముప్పై ఏళ్లు కాగితం చూడకపోతే అక్షరాలు వెళ్లిపోతాయమ్మా అన్నారు. ఆ పిల్ల ఇంటికి తాను మూడుసార్లు వెళ్లానని, తమ్ముణ్ణి చంకనేసుకునే బడికి రమ్మన్నానని, రాలేదని చెప్పారు. చెబుతూ కళ్లజోడు తుడుచుకున్నారు. మొక్కను కుండీ కోసం వెతక్కుండా గుమ్మం పక్కన నేలలోనే నాటారు.

అక్కడ కూర్చుని ఉండగా నాకొకటి తట్టింది. అయిదు రిజిస్టర్లలో పేటంతా ఉంది గాని, రాసినావిడ ఎక్కడా లేరు. ఆవిడ ఎక్కడ చదువుకున్నారు, పెళ్లి ఎందుకు చేసుకోలేదు, ఏ జీతం మీద ఎలా బతికారు, ఒక్క ముక్కా లేదు. మాస్టారు అప్పటికే రిటైరయ్యారు. ఆయనకు చెబితే తన టేపు రికార్డరు ఇచ్చారు. మూడు ఆదివారాలు వరసగా వెళ్లి ఆవిడ చేత మాట్లాడించాను. మొదట సిగ్గుపడ్డారు. నాదేముందమ్మా రాయడానికి అన్నారు. మూడో ఆదివారం కేసెట్టు అయిపోయి టక్కుమని ఆగినా ఆవిడ ఆగలేదు. నేను గబగబా అవతలి వైపు తిప్పి పెట్టాను.

తరువాత కొన్నాళ్లకు గదిలోకి కంప్యూటరు, స్కానరు వచ్చాయి. నా ఉద్యోగం ఖాయమైంది. మా విభాగంలో గొంతుల కోసం ఒక అర కేటాయించి, అందులో మొదటి నంబరు ఆ మూడు కేసెట్లకు ఇచ్చాను. నంబరు వేసిన రోజున మాస్టారిని, సాయిబుగారిని పిలిచాను. టీచరమ్మగారు బస్సులో వచ్చారు. హెడ్‌ఫోను పెడితే బరువుగా ఉందని తీసేసి, స్పీకరులోనే పెట్టమన్నారు. తన గొంతు తాను విని, నేనింత గట్టిగా మాట్లాడతానా అన్నారు.

మాట్లాడతారండీ అన్నాను. ఆవిడ నవ్వి, చీర చెంగు సర్దుకుని, బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుని వినడం మొదలుపెట్టారు.